గాలం రీలు కొత్తదా, పాతదా? పేటెంట్ ఎగ్జామినర్ పాత ఆవిష్కరణలతో పోల్చి చూసే పద్ధతి

నాడెలో (మగ్గం పోగుల మధ్య నూలును మోసే పనిముట్టులో) నూలు చుట్టిన కండె తిరగదన్న సంగతి మగ్గం మీద నేసేవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. నాడె అటూ ఇటూ పరుగెడుతుంటే, లోపల కదలకుండా ఉన్న కండె కొస మీదుగా నూలు జారుకుంటూ బయటికి వస్తుంది. కండె బరువును తిప్పాల్సిన పని లేదు కాబట్టి నూలు మీద లాగుడు పడదు. ఈ రోజు లక్షలమంది గాలం వేయడానికి వాడే స్పిన్నింగ్ రీలులో దారం బయటికి వచ్చేది సరిగ్గా ఈ పద్ధతిలోనే. రీలులో దారం చుట్టి ఉండే స్పూల్ కదలదు, దారం దాని అంచు మీదుగా జారిపోతుంది. 1905లో ఇంగ్లండ్‌లో ఆ రీలుకు పేటెంట్ తీసుకున్న ఆల్‌ఫ్రెడ్ హోల్డెన్ ఇల్లింగ్‌వర్త్ కూడా ఊలు మిల్లులకు పేరుపడ్డ బ్రాడ్‌ఫర్డ్‌లో ఆ వ్యాపారంలో ఉన్నవాడే.

మరి మగ్గంలో ముందే ఉన్న సూత్రానికి గాలం రీలు పేరుతో పేటెంట్ ఇవ్వొచ్చా? ఫలానా వస్తువుకు పేటెంట్ వచ్చిందనో, రాలేదనో వార్త వచ్చినప్పుడల్లా రెండు రకాల మాటలు వినిపిస్తాయి. "ఇందులో కొత్తేముంది, మా తాతల కాలం నుంచీ ఉన్నదే" అని కొందరు అంటారు. "కష్టపడి చేసినదాన్ని పాతదని కొట్టేశారు" అని ఇంకొందరు బాధపడతారు. రెండు మాటలూ నిజం కావచ్చు, రెండూ తప్పు కావచ్చు. వస్తువును మొత్తంగా చూసి ఏదీ తేల్చలేం. పేటెంట్ ఆఫీసులో దరఖాస్తును పరీక్షించే ఎగ్జామినర్ కూడా అలా తేల్చరు.

డిజైన్ అంటే ఏ డిజైన్?

మన మాటల్లో డిజైన్ అంటే రూపం, లోపలి యంత్రాంగం రెండూ. చట్టం మాత్రం ఈ రెండింటినీ వేరుచేసి చూస్తుంది. రీలు ఎలా పనిచేస్తుంది అన్నదానికి పేటెంట్ ఉంటుంది. మన దేశంలో 1970 పేటెంట్ల చట్టం ప్రకారం దాని కాలం దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు. రీలు కంటికి ఎలా కనిపిస్తుంది అన్నదానికి 2000 డిజైన్ల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉంటుంది. దానికి 10 ఏళ్లు, ఆపైన ఇంకో 5 ఏళ్లు పొడిగించుకోవచ్చు. అమెరికాలో రూపానికి ఇచ్చే హక్కును కూడా డిజైన్ పేటెంట్ అనే పిలుస్తారు కాబట్టి గందరగోళం ఇంకాస్త పెరుగుతుంది. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం మొదటి రకం గురించే.

ఇంకో రెండు మాటలు తెలిస్తే చాలు. ఒకటి క్లెయిమ్. దరఖాస్తులో ఎన్ని పేజీల వివరణ, ఎన్ని బొమ్మలు ఉన్నా, హక్కు ఎంతవరకో చెప్పేవి చివర్లో నంబర్లు వేసి రాసిన క్లెయిములే. పొలం దస్తావేజులో చెక్‌బందీ లాంటివి ఇవి. పొలం ఎంత బాగుందో దస్తావేజు చెప్పదు, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా మీదో చెబుతుంది. క్లెయిమ్ పనీ అంతే. రెండోది ప్రయర్ ఆర్ట్. దరఖాస్తు తేదీకి ముందే ప్రజలకు అందుబాటులోకి వచ్చిన సమాచారం అంతా ప్రయర్ ఆర్టే. పాత పేటెంట్లు, పుస్తకాలు, క్యాటలాగులు, అమ్మిన వస్తువులు అన్నీ ఇందులోకి వస్తాయి. పేటెంట్ పరీక్ష అంటే ఈ చెక్‌బందీ ముందే ఉన్నదాని మీదికి వస్తోందా అని చూడటం.

పాతవాటిని ఎక్కడ వెతుకుతారు

ప్రపంచంలోని పేటెంట్లన్నీ ఒక అంతర్జాతీయ వర్గీకరణ ప్రకారం సర్ది ఉంటాయి. గాలం రీళ్ల అర ఎ01కె 89/00. అందులో దారం స్పూల్ కొస వైపు నుంచి జారే రీళ్లు 89/01 కిందికి, స్పూల్ తిరుగుతూ దారం వదిలే రీళ్లు 89/015 కిందికి వస్తాయి. అంటే నాడె తరహా రీళ్లకూ గాలిపటం చరఖా తరహా రీళ్లకూ వేరువేరు అరలున్నాయన్నమాట. ఎగ్జామినర్ వెతుకులాట మామూలుగా ఇక్కడ మొదలవుతుంది.

పాతదానికి వయసు పరిమితి లేదు. 1195 ప్రాంతంలో చైనా చిత్రకారుడు మా యువాన్ గీసిన ఒక బొమ్మలో పడవ మీద గాలం వేస్తున్న మనిషి కర్రకు రీలు కనిపిస్తుంది. అమెరికాలో చార్లెస్ ఆర్విస్ చిల్లులున్న సన్నటి స్పూల్‌తో చేసిన రీలుకు 1874 మే 12న పేటెంట్ వచ్చింది. చిల్లుల వల్ల బరువు తగ్గుతుంది, తడిసిన దారం తొందరగా ఆరుతుంది. ఇప్పుడు ఎవరైనా "స్పూల్‌కు చిల్లులు" అన్నంత మాత్రానికే పేటెంట్ అడిగితే ఆ 150 ఏళ్ల నాటి కాగితం ఒక్కటే చాలు.

అయితే వెతికే వల ఎప్పుడూ ఇంత పెద్దది కాదు. బ్రిటన్‌లో కొత్తదనాన్ని వెతికి చూసే పద్ధతిని తెచ్చింది 1902 చట్టం. అప్పుడు కూడా గత 50 ఏళ్ల బ్రిటిష్ పేటెంట్లలో మాత్రమే చూస్తే సరిపోయేది. అమెరికాలో ఇంకో రకం హద్దు ఉండేది. వేరే దేశంలో జనం వాడుకలో ఉన్న జ్ఞానం అచ్చులో దొరికితేనే లెక్కలోకి వచ్చేది. పసుపుతో గాయాలు మాన్పడంపై 1995లో అక్కడ ఇచ్చిన పేటెంటును రద్దు చేయించడానికి మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు, 1953 నాటి వైద్య పత్రిక వ్యాసం లాంటివి పట్టుకెళ్లాల్సి వచ్చింది అందుకే. 1997లో ఆ పేటెంట్ రద్దయింది. మన ఇళ్లలో అందరికీ తెలుసన్న మాట ఒక్కటే అయితే అక్కడ నిలిచేది కాదు. 2013 మార్చి 16 నుంచి వేసిన దరఖాస్తులకు ఆ దేశపు హద్దు పోయింది. ఏ దేశంలో ప్రజలకు అందుబాటులో ఉన్నా ఇప్పుడు లెక్కే.

మొదటి ప్రశ్న: ఒకే పాత పత్రంలో అన్నీ ఉన్నాయా?

కొత్తదనం పరీక్ష చాలా ఖచ్చితమైనది, ఒక రకంగా తేలికైనది కూడా. క్లెయిమును ముక్కలుగా విడగొట్టి, ఆ ముక్కలన్నీ ఏదైనా ఒకే పాత పత్రంలో, ఒకే అమరికలో ఉన్నాయా అని చూస్తారు. అన్నీ ఉంటే కొత్తదనం లేదు. ఒక్క ముక్క లేకపోయినా ఈ పరీక్ష దాటినట్టే. రెండు పత్రాలను ఇక్కడ కలపకూడదు.

ఇల్లింగ్‌వర్త్ రీలునే తీసుకుని ఇవాళ్టి పద్ధతిలో చూద్దాం. 1905లో ఇలాగే జరిగిందని నా ఉద్దేశం కాదు, పద్ధతి అర్థం కావడానికి చేసే లెక్క ఇది. ఆయన ముందున్న ముఖ్యమైన పాత వస్తువు స్కాట్లండ్‌లోని పెర్త్‌కు చెందిన పీటర్ మాలక్ 1884లో తెచ్చిన రీలు. అందులో ఒక చక్కటి ఉపాయం ఉంది. గాలం విసిరేటప్పుడు స్పూల్‌ను 90 డిగ్రీలు పక్కకు తిప్పుతారు. అప్పుడు స్పూల్ కదలకుండా ఉండి దాని అంచు మీదుగా దారం జారిపోతుంది. వెనక్కి చుట్టేటప్పుడు స్పూల్‌ను మళ్లీ మామూలు స్థానానికి తెచ్చి, హ్యాండిల్‌తో గిరగిరా తిప్పి చుట్టుకుంటారు.

ఇప్పుడు క్లెయిమ్ ఇలా రాశారనుకుందాం: "కర్రకు బిగించే కాలు, దారం చుట్టిన స్పూల్ ఉన్న రీలు, విసిరేటప్పుడు స్పూల్ కదలకుండా ఉండి అంచు మీదుగా దారం వదులుతుంది." మాలక్ రీలులో కాలు ఉంది. స్పూల్ ఉంది. విసిరేటప్పుడు కదలకుండా ఉండటం ఉంది, అంచు మీదుగా వదలడం ఉంది. నాలుగు ముక్కలకు నాలుగూ దొరికాయి. ఈ క్లెయిమ్ నిలవదు. ఇల్లింగ్‌వర్త్ రీలు మాలక్ రీలులా కనిపించదే అని వాదించినా లాభం లేదు, ఎందుకంటే పోలిక రీలుకూ రీలుకూ కాదు, క్లెయిములోని మాటలకూ పాత రీలుకూ.

దానికి ఒక ముక్క చేరుద్దాం: "వెనక్కి చుట్టేటప్పుడు కూడా స్పూల్ తిరగదు, దారాన్ని పట్టుకునే ఒక కొక్కెం స్పూల్ చుట్టూ తిరుగుతూ దారాన్ని దాని మీద చుడుతుంది." మాలక్ రీలులో ఈ ముక్క లేదు. అక్కడ చుట్టేటప్పుడు స్పూలే తిరుగుతుంది. కొత్తదనం వచ్చేసింది. చెక్‌బందీ కాస్త లోపలికి జరిగింది, కానీ పక్కవాడి గట్టు మీద నుంచి దిగింది.

"గాలం కోసం" అని రాస్తే సరిపోతుందా?

మామూలుగా అందరూ పొరబడే చోటు ఇది. పాత వస్తువు గాలం వేయడానికి చేసింది కాదు కదా, గాలిపటం చరఖానో మగ్గం కండెనో కదా అంటారు. నిర్మాణం ముక్కకు ముక్క ఒకటే అయితే, ఏ పనికి వాడతారన్న మాట మాత్రమే ఆ క్లెయిమును కాపాడలేకపోవచ్చు. దీనికి అమెరికాలో 1997 నాటి ష్రైబర్ కేసును తరచూ చెబుతారు. ఒకాయన పాప్‌కార్న్ కొద్దికొద్దిగా రాలేలా శంకువు ఆకారపు మూతకు పేటెంట్ అడిగాడు. ఎగ్జామినర్ చూపించింది నూనె డబ్బా మూతి ఉన్న ఒక పాత స్విస్ పేటెంట్. ఆ మూతి ఆకారం క్లెయిముకు సరిపోయింది, పాప్‌కార్న్ పోస్తే అందులోంచీ అలాగే రాలుతుంది. నూనె కోసం చేశారా పాప్‌కార్న్ కోసం చేశారా అన్నది కోర్టు పట్టించుకోలేదు.

అందువల్ల గాలం రీలు క్లెయిములో "గాలం కోసం" అనే మాట కంటే కర్రకు బిగించే కాలు, హ్యాండిల్, గేర్లు లాంటి నిర్మాణపు మాటలే బరువు మోస్తాయి.

రెండో ప్రశ్న: ఆ పనివాడికి ఇది తట్టే విషయమేనా?

అసలు కష్టం ఇక్కడుంది. నా ఉద్దేశంలో పేటెంట్ చట్టం మొత్తంలోనూ అన్నిటికంటే కష్టమైన ప్రశ్న ఇదే. క్లెయిమ్ కొత్తదే అయినా, ఆ రంగంలో మామూలు నైపుణ్యం ఉన్న మనిషికి పాతవాటిని చూస్తే తేలిగ్గా తట్టేదైతే పేటెంట్ రాదు. మన చట్టంలో దీన్ని ఇన్వెంటివ్ స్టెప్ అంటారు. సెక్షన్ 2(1)(జెఎ) ప్రకారం ఉన్న జ్ఞానం కంటే సాంకేతికంగా ముందడుగు గానీ, ఆర్థిక ప్రాముఖ్యం గానీ, రెండూ గానీ ఉండాలి. దాంతోపాటు నిపుణుడికి అది తేలిగ్గా తట్టేది కాకూడదు. ఈ ప్రశ్నలో రెండు మూడు పాత పత్రాలను కలిపి చూడొచ్చు.

మన లెక్కకు తిరిగొద్దాం. ఎగ్జామినర్ మాలక్ రీలును ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో నూలు మిల్లులోని ఫ్లయర్‌ను తీసుకుంటారు. ఫ్లయర్ అంటే బాబిన్ (నూలు చుట్టుకునే గొట్టం) చుట్టూ తిరుగుతూ నూలును దాని మీద చుట్టే చెయ్యి. 1769లో ఇంగ్లండ్‌లో రిచర్డ్ ఆర్క్‌రైట్ పేటెంట్ తీసుకున్న వడికే యంత్రంలోనూ అది ఉంది. "విసరడం మాలక్ దగ్గర ఉంది, చుట్టూ తిరిగి చుట్టడం ఫ్లయర్‌లో ఉంది, రెండూ కలిపితే ఈ రీలే కదా" అని ఎగ్జామినర్ అనొచ్చు.

దరఖాస్తుదారు మొదటి జవాబు: గాలం రీలు చేసేవాడు నూలు మిల్లులోకి ఎందుకు తొంగిచూస్తాడు? పాత వస్తువు అదే రంగానిదైనా కావాలి, లేదా ఆవిష్కర్త ఎదుర్కొన్న సమస్యకు సంబంధించినదైనా కావాలి అన్నది అమెరికాలో వాడే కొలత. 1994 నాటి పాల్సెన్ కేసులో ల్యాప్‌టాప్ మూత కీలుకు వ్యతిరేకంగా పియానో మూతలు, వంటింటి అల్మరాల కీళ్లు చూపించారు. కంప్యూటర్ల రంగం కాకపోయినా సమస్య మూత తెరిచి నిలబెట్టడమే కాబట్టి అవి పనికొస్తాయని కోర్టు ఒప్పుకుంది. ఆ లెక్కన దారాన్ని స్పూల్ మీదికి ఎక్కించడం, దించడం అన్న సమస్యకు నూలు మిల్లు మరీ దూరమేమీ కాదు. మొదటి జవాబు బలహీనమే.

రెండో జవాబు బలమైనది. కదలని స్పూల్ కొస నుంచి దారం జారినప్పుడు ఒక్కో చుట్టుకు ఒక్కో మెలి పడుతుంది. మాలక్ రీలులో చుట్టేటప్పుడు స్పూలే తిరుగుతుంది కాబట్టి ఆ మెలి విడిపోదు. విసిరిన కొద్దీ దారం మెలికలు తిరిగి చిక్కుపడుతుంది. ఇల్లింగ్‌వర్త్ రీలులో చుట్టూ తిరిగే కొక్కెం వెనక్కి చుడుతూ ఆ మెలిని విప్పేస్తుంది. మిల్లులో ఫ్లయర్ ఉన్నదే నూలుకు మెలి పెట్టడానికి. పైగా అక్కడ బాబిన్ కూడా తిరుగుతుంది. మెలి వద్దనుకునేవాడు మెలి పెట్టే యంత్రం దగ్గరికి వెళతాడా?

ఎగ్జామినర్ దానికీ ఎదురు చెప్పొచ్చు. ఒక వైపు మెలి పడితే రెండో వైపు తిప్పి విప్పొచ్చని తాడు పేనేవాడికి కూడా తెలుసు అని. నన్నడిగితే రెండో జవాబు వైపే మొగ్గుతాను. మాలక్ రీలు వచ్చాక 21 ఏళ్ల పాటు జనం మెలికలు భరిస్తూనే ఉన్నారంటే ఆ మార్పు అంత తేలిగ్గా తట్టలేదనే కదా. కానీ ఇక్కడ తెలివైనవాళ్లు ఇద్దరు రెండు వైపులా నిలబడగలరు.

ముందే జవాబు తెలిసినవాడి తూకం

పొడుపు కథ విడుపు తెలిశాక తేలికే అనిపిస్తుంది. ఎగ్జామినర్ ముందు రీలు బొమ్మ పెట్టే ఉంటుంది. దాన్ని చూశాక పాత పత్రాల్లోంచి కావలసిన ముక్కలు ఏరుకోవడం ఎవరికైనా సులువే. ఈ ప్రమాదాన్ని ఆపడానికి ఒక్కో చోట ఒక్కో పద్ధతి ఉంది. ఐరోపా పేటెంట్ ఆఫీసు "నిపుణుడు ఇలా చేయగలిగేవాడా" అని అడిగి ఆగదు, "నిజంగా చేసేవాడేనా" అని అడుగుతుంది. అమెరికా సుప్రీం కోర్టు 1966లో గ్రాహం కేసులో, చాలాకాలంగా తీరని అవసరం, ఇతరుల వైఫల్యం, మార్కెట్లో విజయం లాంటి బయటి సాక్ష్యాలు కూడా చూడొచ్చంది. ఆ తర్వాత అక్కడి అప్పీలు కోర్టు పాత పత్రాలను కలపడానికి వాటిలోనో, నిపుణుల జ్ఞానంలోనో ఏదో సూచన కనిపించాలని గట్టిగా పట్టుబట్టింది. 2007లో కేఎస్ఆర్ కేసులో సుప్రీం కోర్టు ఆ బిగువును సడలించింది. మామూలు నిపుణుడికి కూడా కాస్త సొంత తెలివి ఉంటుంది, అతన్ని మర బొమ్మలా చూడొద్దంది.

కొలత కఠినంగా ఉండాలనేవాళ్ల వాదన న్యాయమైనదే. చిన్నచిన్న మార్పులన్నిటికీ పేటెంట్లు ఇస్తే, కొత్తగా రీలు చేయాలనుకునే చిన్న వర్క్‌షాపు అడుగడుగునా ఎవరో ఒకరి గట్టు తొక్కాల్సి వస్తుంది. మన సుప్రీం కోర్టు బిశ్వనాథ్ ప్రసాద్ కేసులో చూపిన దృష్టి ఇదే. గిన్నెలను లేత్ మీద పట్టి ఉంచే సాధనంపై ఉన్న పేటెంటును పరిశీలించి, వర్క్‌షాపులో ఎవరైనా చేసుకునే మెరుగుదల కంటే ఎక్కువ ఉండాలని చెప్పి దాన్ని నిలబెట్టలేదు. తెలిసిన పరికరాలను పక్కపక్కన పెట్టి, ఒక్కోటి దాని పని అది చేసుకుంటుంటే అది ఆవిష్కరణ కాదని మన చట్టం సెక్షన్ 3(ఎఫ్) కూడా చెబుతుంది. రీలుకు టార్చిలైటు బిగించడం లాంటిది.

కొలత మెత్తగా ఉండాలనేవాళ్ల దగ్గరా బలం ఉంది. యంత్రాల ప్రపంచంలో దాదాపు ప్రతిదీ పాత ముక్కల కలయికే. అమెరికాలో ఆర్.డి. హల్ అనే ఆయన కిరాణా కొట్టులో పొట్లాలు కట్టడానికి కదలని ఉండ నుంచి పురికొస లాగడం చూసి, స్పూల్ మీద మూత ఉండే రీలు ఆలోచన చేశాడని చెబుతారు. దాన్ని 1949లో అమెరికాలోని టల్సాలో జీరో అవర్ బాంబ్ కంపెనీ రీలుగా తెచ్చింది, ఆ పేరే కుదించుకుని జెబ్కో అయింది. పురికొస ఉండ పాతదే, ఇల్లింగ్‌వర్త్ రీలూ పాతదే. అయినా ఆ రీలు మీట నొక్కి వదిలితే చాలు, చిన్నపిల్లలు కూడా గాలం విసరగలిగేలా చేసింది.

ఇవాళ్టి ఒక దరఖాస్తు ఎలా నడుస్తుంది

అయస్కాంతానికి అతుక్కునే ద్రవం ఒకటుంది. 1963లో నాసాలో స్టీవ్ పాపెల్ రాకెట్ ఇంధనం కోసం తయారుచేశాడు. తర్వాత కంప్యూటర్ హార్డ్ డిస్కుల్లో ఇరుసు చుట్టూ దుమ్ము చేరకుండా సీలుగా వాడారు. ఇప్పుడు డైవా కంపెనీ ఇలాంటి సీలున్న రీళ్లు అమ్ముతోంది. అవి రాకముందే మన దగ్గర ఎవరో దరఖాస్తు వేశారని ఊహించుకుందాం. ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చే దరఖాస్తులు చెన్నై ఆఫీసుకు వెళతాయి. మామూలుగా 18 నెలలకు ప్రచురిస్తారు. పరీక్ష కోరడానికి గడువు 2024 సవరణ తర్వాత 31 నెలలు.

క్లెయిమ్ 1 ఇలా ఉంది: "ఇరుసుకూ రీలు ఒంటికీ మధ్య అయస్కాంత ద్రవంతో సీలు ఉన్న రీలు." మొదటి పరీక్షా నివేదికలో ఎగ్జామినర్ రెండు పత్రాలు చూపిస్తారు: రబ్బరు సీలున్న ఉప్పునీటి రీలు, అయస్కాంత ద్రవపు సీలున్న హార్డ్ డిస్కు. రబ్బరు రాపిడి తగ్గించాలనుకునేవాడు రాపిడి లేని సీలు వైపు చూడటం సహజమే, కాబట్టి ఇన్వెంటివ్ స్టెప్ లేదంటారు.

జవాబుకు గడువు 6 నెలలు, అడిగితే ఇంకో 3 నెలలు. "మాది వేరే" అని కోప్పడితే పని జరగదు. దరఖాస్తులో మొదటే ఏం రాశారన్నది ఇక్కడ ప్రాణం. అయస్కాంతం పక్కనున్న ఉక్కు బేరింగు మీద పని చేయకుండా మధ్యలో పెట్టిన అయస్కాంతం పట్టని ఉంగరం, అల తగిలినా ద్రవం కొట్టుకుపోకుండా ఆపే గాడి కొలత, ఉప్పునీటిలో చేసిన పరీక్ష ఫలితాలు అందులో ఉంటే, వాటిని క్లెయిములోకి తెచ్చి హద్దు బిగించుకోవచ్చు. హార్డ్ డిస్కులో అలలు లేవు, ఆ గాడి అవసరమే రాలేదు అని గట్టిగా నిలబడొచ్చు. మొదటి దరఖాస్తులో లేని విషయాన్ని ఇప్పుడు కొత్తగా చేర్చడానికి వీల్లేదు. నివేదికలో "లేదు" అని ఉండటం తుది తిరస్కారం కాదు. చాలా దరఖాస్తులకు మొదటి నివేదిక ఇలాగే అభ్యంతరాలతో వస్తుంది.

సొంత వీడియో కూడా ప్రయర్ ఆర్ట్ కావచ్చు. దరఖాస్తుకు ముందే రీలు విప్పి లోపలి భాగాలన్నీ యూట్యూబ్‌లో చూపిస్తే, అమెరికాలో ఏడాది వెసులుబాటు ఉంది. మన చట్టంలో ఆ 12 నెలల వెసులుబాటు కేంద్రం గుర్తించిన ప్రదర్శనలు, శాస్త్ర సంఘాల ముందు చదివిన పత్రాలు లాంటి కొద్ది సందర్భాలకే.

రూపాన్ని పోల్చేటప్పుడు

డిజైన్ రిజిస్ట్రేషన్‌లో గేర్లు, మెలికలు లెక్కలోకి రావు. అంతర్జాతీయ డిజైన్ల వర్గీకరణలో 22-05, అంటే వేట, చేపల పట్టుబడి సామాగ్రి అరలో పాత రూపాలను చూసి, కంటికి అలాగే కనిపిస్తోందా అని తేలుస్తారు. పనికోసం తప్పనిసరైన ఆకారానికి ఇక్కడ రక్షణ దొరకదు. అమెరికాలో 2024 మే దాకా, రూపం తట్టేదే అని చెప్పాలంటే ముందు దాదాపు అలాగే ఉన్న ఒక పాత రూపం చూపించాలన్న నియమం ఉండేది. కారు విడిభాగాలపై వచ్చిన ఎల్‌కేక్యూ కేసులో అప్పీలు కోర్టు దాన్ని తీసేసింది. ఇకపై రూపాలకు కూడా పోలిక మరింత స్వేచ్ఛగా సాగుతుంది.

ఎగ్జామినర్ కంటపడని పాతదనం

ఎంత వెతికినా అన్నీ దొరకవు. అందుకే మన చట్టంలో దరఖాస్తు ప్రచురించిన తర్వాత, పేటెంట్ ఇచ్చేలోగా ఎవరైనా అభ్యంతరం వేయొచ్చు. పేటెంట్ ఇచ్చినట్టు ప్రచురించాక ఇంకో ఏడాది పాటు ఆ విషయంతో సంబంధం ఉన్నవాళ్లు వేయొచ్చు. అభ్యంతరానికి చట్టం ఒప్పుకున్న కారణాల్లో ఒకటి సెక్షన్ 25లో ఉంది: స్థానిక సమాజాల్లో నోటిమాటగానైనా సరే ఉన్న జ్ఞానం. కదలని స్పూల్ కొస నుంచి దారం వదలడం ఒక్కటే మా ఆవిష్కరణ అని రేపు ఎవరైనా క్లెయిమ్ రాస్తే, దానికి అడ్డు చెప్పడానికి ఒక నేతకారుడు తన నాడెను, కండెను చూపించి మాట్లాడొచ్చు.